డెబ్బై రెండో జాడీ

గజేరు పొంగి, ఏలకోన కోట తలుపులు రెండింటినీ ఊడబెరికి సముద్రానికి మోసుకుపోయింది. ఆ రాజ్యంలో దాన్ని తలుపుల వరద అంటారు. పిల్లల వయసులూ, గేదెల ఈతలూ, రాజుల పట్టాభిషేకాలూ అన్నీ ఆ వరదని బట్టే చెప్పుకుంటారు. తలుపుల వరద పోయిన నాలుగో ఏడు, ద్రాక్షకోతల కాలంలో, ఎల్లమంద ద్రాక్షలంకకి పోయే పడవ ఎక్కాడు.

ఎల్లమంద గీతగాడు. తాడిచెట్టెక్కి కల్లు దించేవాడు. చెట్టుమీద సింహం. నీళ్ళు చూస్తే మాత్రం పిల్లి. పడవ అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. అయితే చూసినవాళ్ళు ఎవరూ అతన్ని గీతగాడనుకోరు. తలకి జరీపాగా, చెవులకి పోగులు, మెడ నుంచి మోకాళ్ళ దాకా పట్టు అంగీ. వక్కల వర్తకుడు వజ్రయ్య అని చెప్పుకున్నాడు. ద్రాక్షలంక రేవులో ఒక రాయి ఉంది. గీతగాళ్ళు ఈ దీవిలో అడుగు పెట్టరాదు అని దానిమీద చెక్కి ఉంది. ఎందుకో ఎవరికీ తెలియదు. అందుకే ఈ వేషం. చెట్టెక్కే మోకు నడుముకి చుట్టుకున్నాడు. గీతకత్తి దానిలో దోపుకున్నాడు. పైన పట్టు అంగీ కప్పింది.

పోయిన పని బావకోసం. బావ పేరు గురవయ్య. వాడూ గీతగాడే కానీ పడవ నడపడం వచ్చు. కల్లుకుండలు పడవలో పెట్టుకుని అవతలి ఒడ్డుకి దాటించేవాడు. నిరుడు ఇదే పడవకి తెడ్డు వేసేవాడొకడు జ్వరంతో పడుకుంటే, గీతగాడినని చెప్పకుండా బదులుగా గురవయ్య పోయాడు. దీవి చూడబోయిన చూపరుల్ని దింపి పడవ తిరిగొచ్చింది. గురవయ్య రాలేదు.

"అక్కడ నచ్చిందట. ఉండిపోయాడు" అన్నారు తోటివాళ్ళు.

చంటిపిల్లని చంకనేసుకుని ఎల్లమంద అక్క నాగులు ఏడాదిపాటు రేవు చుట్టూ తిరిగింది. చివరికి తమ్ముడి ముందు నిలబడింది.

"ఒరే, ఉంటే తీసుకురా. లేడంటే లేడని చెప్పు. ఈ మధ్యలో నన్ను నిలబెట్టకు."

అంతే అంది. ఎల్లమంద బయలుదేరాడు.

పడవలో అతని పక్కన పుల్లంశెట్టి అనే మిరియాల వర్తకుడు కూర్చున్నాడు. ఎక్కింది మొదలు నోరు మూయలేదు.

"మా అమ్మాయి మాణిక్యానికి వచ్చే నెల పెళ్ళి అబ్బాయ్. అల్లుడు అచ్చం చంద్రుడే అనుకో. అమ్మాయి అడుగు తీసి అడుగు వేస్తే మా ఇంట్లో గజ్జెలు అక్కర్లేదు. చెప్పానా, పేరు మాణిక్యం?"

"చెప్పారు."

"ఎన్నిసార్లు?"

"పదకొండు."

"ఇంకోసారి చెబితే డజను. మాణిక్యం!" అని తొడ చరుచుకున్నాడు శెట్టి. పడవలో అందరూ నవ్వారు.

పొద్దు బారెడెక్కేసరికి దీవి కనపడింది. సముద్రం మధ్య ఎవరో ఊదారంగు పట్టుచీర ఆరేసినట్టుంది ఆ దీవి. కొండ కింద నుంచి కొన దాకా మెట్లు మెట్లుగా పందిళ్ళు. పందిళ్ళనిండా గుత్తులు. ఒక్కొక్క పండు నెమలిగుడ్డంత. ఎండపడి లోపలి గింజలు దీపపు వత్తుల్లా మెరుస్తున్నాయి. రేవు నుంచి పైకి చలవరాతి మెట్లు. మెట్టుకొక మనిషి, తెల్లటి పంచె, ఊదారంగు నడికట్టు, చేతిలో పన్నీరు చెంబు. కొండకొనన అరవై స్తంభాల మండపం. దాని పైకప్పుమీద రామచిలకలు బారులు తీరి కూర్చుని, పడవ దగ్గరవుతుంటే ఒక్క గొంతుతో అరిచాయి.

"రండి! రుచి చూడండి! ఉమ్మండి!"

"ఉమ్మడమేంటి?" అన్నాడు ఎల్లమంద.

"నీకు తెలీదూ?" అన్నాడు శెట్టి పెద్దరికంగా. "పెద్ద పెద్ద రసికులు ద్రాక్షాసవాన్ని మింగరయ్యా. నోట్లో పోసుకుని, నాలుకమీద తిప్పి, వెండిపళ్ళెంలో ఉమ్మేస్తారు. మింగేవాడు మోటువాడని లెక్క. జాగ్రత్త, మన పడవ పరువు తీయకు."

మెట్ల కింద ఒకడు వెండిబెత్తం పట్టుకుని నిలబడి ఉన్నాడు. దీవి తిప్పి చూపించడానికి వచ్చినవాడు. రెండు చేతులూ జోడించి, చిరునవ్వు నవ్వాడు.

ఎల్లమంద దిగినచోటే ఆగిపోయాడు.

వాడు గురవయ్య. కుడికనుబొమ మీద తాటిమట్ట గీసుకుపోయిన మచ్చ. ముందుపళ్ళ మధ్య సందు. ఆ సందులోంచి ఈల వేసే మనిషి, నోరు తెరిస్తే బూతులు దొర్లే మనిషి, ఇప్పుడు రాజుగారి కొలువులో పుట్టినట్టు మాట్లాడుతున్నాడు.

"అతిథులారా, తమ రాకతో ద్రాక్షలంక ధన్యమైంది. దయచేసి నా వెంట రండి. అడుగు జాగ్రత్త. తమరు తిరిగి పడవెక్కేదాకా తమరిని ఒక్క క్షణం వదిలి ఉండను. అది నా ధర్మం."

ఎల్లమంద జనాన్ని తోసుకుంటూ వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. గొంతు తగ్గించాడు.

"బావా. నేను. ఎల్లమందని."

గురవయ్య ఆ చేతిని చూశాడు. చేతినుంచి ముఖానికి చూపు తెచ్చాడు. కళ్ళు తేటగా ఉన్నాయి. లోపల ఎవరూ లేరు.

"తమరు పొరబడ్డారు స్వామీ. నా పేరు డెబ్బై రెండో జాడీ."

"జాడీ ఏంటి బావా? మనిషికి జాడీ పేరేంటి?"

"ఇక్కడ అందరి పేర్లూ అవే స్వామీ" అన్నాడు గురవయ్య, కాస్త గర్వంగా. పన్నీరు చల్లేవాణ్ణి చూపించాడు. "అతను ఇరవై ఒకటి. ఆ అవ్వ ఎనిమిది. దయచేసి ముందుకు సాగండి, ఎండ ఎక్కుతోంది."

ఎల్లమంద సాగాడు. వేరే ఏం చేయాలో తోచలేదు.

తోటలు చూశారు. రెండు పందిళ్ళు దాటాక తొక్కుడు తొట్టి వచ్చింది. నల్లరాతి తొట్టి, నడుములోతు, నిండా పండ్లు. అడుగున ఒక కాలువ. కాలువ కొసన ఖాళీ జాడీ ఒకటి నోరు తెరుచుకుని ఉంది.

"ప్రతి పడవ నుంచీ ఒక్క అతిథికి పండు తొక్కే గౌరవం" అన్నాడు గురవయ్య. "పూలదండ వేసి దింపుతాం. నిరుడు ఒక పడవలో వచ్చిన పెద్దమనుషులు పట్టుబట్టలు పాడవుతాయని ఎవరూ దిగలేదట. ఎవరో పడవవాడు దిగాడట."

తన సంగతే ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పాడు.

"నేను దిగుతా! నేను!" అని పుల్లంశెట్టి అందర్నీ మోచేతులతో నెట్టి ముందుకొచ్చాడు. దండ వేశారు. చెప్పులు విడిచాడు. పంచె పైకి కట్టి దిగాడు.

మొదటి పది అడుగులు నవ్వాడు. చల్లగా ఉందర్రా అన్నాడు. ఇరవై అడుగులకి పాట అందుకున్నాడు. యాభైకి పాట మధ్యలో ఆగింది. తరవాతి మాట వెతుక్కున్నాడు. దొరకలేదు. కాళ్ళు మాత్రం ఆగలేదు. కాలువలో రసం మొదట పల్చగా వచ్చింది. పోనుపోను చిక్కబడింది. దానిలోంచి మిరియాల ఘాటు లేచింది. దాని వెనకే మరో వాసన, పెళ్ళికూతురి పసుపు వాసన.

చూస్తున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

నూరో అడుగుకి శెట్టిని చెయ్యి పట్టి పైకి లాగారు. జాడీకి మూత బిగించి మైనం పోశారు. మూతమీద నూట నలభై ఒకటి అని రాశారు.

ఎల్లమంద శెట్టి భుజం పట్టుకున్నాడు. "శెట్టిగారూ, అమ్మాయి పేరేమన్నారు?"

శెట్టి మర్యాదగా నవ్వాడు. పడవలో నవ్విన నవ్వు కాదు అది.

"ఏ అమ్మాయి స్వామీ?"

ఎల్లమంద చుట్టూ చూశాడు. ఎవరికీ ఏమీ పట్టలేదు. భలే నాటకం ఆడాడయ్యా శెట్టి అనుకుంటున్నారు జనం. శెట్టి నడుముకి ఎవరో ఊదారంగు నడికట్టు కట్టారు. చేతికి చీపురు ఇచ్చారు. అతను ఊడవడం మొదలెట్టాడు.

"ఇప్పుడు నేలమాళిగ" అన్నాడు గురవయ్య. "తల తగులుతుంది, వంగి రండి."

కొండ కడుపులోకి నూటపది మెట్లు దిగారు. లోపల ఒక పెద్ద గుహ. గోడలవెంట అరలు, అరల్లో జాడీలు. గుహ నడిమధ్య ఒక తీగ. దాన్ని తీగ అనడం తప్పు. మొదలు నలుగురు చేతులు కలిపి పట్టుకుంటే గాని అందదు. నల్లటి బెరడు, ముసలి ఏనుగు చర్మంలా ముడతలు. అది నేలలోంచి లేచి, పైన గుహకప్పులో ఉన్న గుండ్రటి వెలుతురు కన్నంలోంచి బయటికి పోయింది. దీవిమీది పందిళ్ళన్నీ దాని కొమ్మలే.

ఆ మొదలుకి ఆనుకుని దీవి యజమానురాలు మృద్వీకాదేవి నిలబడి ఉంది. ఇరవై ఏళ్ళ పిల్లలా ఉంది. పండిన ద్రాక్షరంగు పెదాలు. జుట్టు వదిలేసింది. ఆ జుట్టు కొసలు చిన్న చిన్న నులితీగలై వాటంతటవే ముడులు పడుతున్నాయి, విడిపోతున్నాయి.

"కూర్చోండి" అంది. "నాలుకమీద తిప్పండి. ఉమ్మండి. ఒక్క చుక్క గొంతు దిగరాదు. అది ఈ ఇంటి మర్యాద."

గిన్నెలు తిరిగాయి. ఎనిమిదో జాడీ నుంచి మొదటి విడత. అందరూ పుక్కిలించారు, ఆహా అన్నారు, వెండిపళ్ళేల్లో ఉమ్మారు.

ఎల్లమంద గిన్నె ఎత్తాడు. అతని ఇంట్లో అలవాటు వేరు. చెట్టిచ్చిన చుక్కని నోట్లో పోసుకుని ఉమ్మితే ఆ చెట్టు ఎండిపోతుందని వాళ్ళ నమ్మకం. కల్లు పులిసిపోయినా సరే, మొహం చిట్లించుకుని మింగాల్సిందే. తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి ఉమ్మితే తండ్రి వీపు పగలగొట్టాడు. ఉమ్మాలనే అనుకున్నాడు ఎల్లమంద. గొంతు వినలేదు. గుటుక్కుమంది.

వెంటనే కళ్ళముందు వడగళ్ళు పడ్డాయి. ఎవరిదో చేను. ఒక ముసలామె కొంగు నెత్తిన కప్పుకుని పరుగెత్తుతోంది. ఆమె కాళ్ళ నొప్పి అతని కాళ్ళకి తెలిసింది. ఆమె భయం అతని గుండెలో కొట్టుకుంది. రెప్పపాటు అంతే. పోయింది.

రెండో విడత వచ్చింది.

"డెబ్బై రెండో జాడీ" అంది మృద్వీక. గురవయ్యే గిన్నె అందించాడు, చిరునవ్వుతో.

పిచ్చితనం కాకపోతే అప్పుడైనా ఆగాలి. అది తన బావ జాడీ అని ఎల్లమంద బుర్రకి తట్టేలోపల చెయ్యి లేచిపోయింది. చిన్ననాటి అలవాటు. గటగటా తాగి గిన్నె ఖాళీ చేశాడు.

పెళ్ళిపందిరి. మామిడాకుల వాసన. ఎదురుగా పీటమీద నాగులు, తల వంచుకుని. తన కాళ్ళు ఎవరో కడుగుతున్నారు. చూస్తే, చీమిడిముక్కు పిల్లాడొకడు, బక్కగా, చెవులు రెండూ చాటల్లా. వాడు కాళ్ళు కడుగుతున్నట్టు నటిస్తూ చెప్పులు దొంగిలిస్తున్నాడు. దొంగ వెధవ, భలేవాడు దొరికాడు నాకు బావమరిది అనుకుని లోపల్లోపల నవ్వుకుంటున్నాడు తను.

ఆ చీమిడిముక్కు పిల్లాడు ఎల్లమందే.

గిన్నె చేతిలోంచి జారింది. రాతిమీద పడి భళ్ళుమంది. తన ముఖాన్ని తను బయటినుంచి చూసుకున్నాడు. బావ కళ్ళతో. బావ గుండెతో.

మృద్వీక దగ్గరికొచ్చి, అతని వెండిపళ్ళెం చూసింది. పొడిగా ఉంది.

"మింగావా?"

ఆమె అతని అంగీ మెడ దగ్గర పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. పట్టు చిరిగింది. ఛాతీమీద కాయలు బయటపడ్డాయి. పదిహేనేళ్ళు తాడిమాను రాసుకుంటే కాసిన కాయలు. చూపరులు ఒక్కసారిగా లేచారు.

"గీతగాడు!" అంది మృద్వీక. ఆమె గొంతు ఇరవై ఏళ్ళది కాదు, వందల ఏళ్ళది. "ఇందుకే మీ జాతిని రానివ్వనిది! మీకు ఉమ్మడం చేతకాదు! ఉమ్మితే రుచి ఒక్కటే పోతుంది, పళ్ళెంలోది మళ్ళీ జాడీకి చేరుతుంది. మింగితే జ్ఞాపకమే పోతుంది. అది మింగినవాడి సొత్తు. వాడి జాడీ వాడే మింగితే వాడిది వాడికి చేరేది. నువ్వు మింగావు. ఇక డెబ్బై రెండుకి ఆ పెళ్ళి ఈ జన్మలో గుర్తురాదు."

ఎల్లమంద గురవయ్య వైపు చూశాడు. గురవయ్య పగిలిన గిన్నె ముక్కలు ఏరుతున్నాడు.

"ఎందుకమ్మా ఇదంతా?" అన్నాడు ఎల్లమంద. "మనుషుల్ని పిండి జాడీల్లో పోయడం ఎందుకు?"

"రాజులకి సొంత సంతోషం ఉండదు, జాడీల్లో కొనుక్కుంటారు" అంది ఆమె. "పట్టుకోండి వీణ్ణి. తొట్టిలో దింపండి."

అప్పుడు కదిలాడు ఎల్లమంద. అరమీంచి డెబ్బై రెండో జాడీ లాగి, తలపాగా విప్పి, వీపుకి కట్టుకున్నాడు. మెట్లకడ్డంగా ఇరవైమంది. వేరే దారి లేదు. నడుముకి చుట్టిన మోకు విప్పి తీగమానుకి చుట్టేశాడు. కాళ్ళు తన్నిపెట్టి ఎగబాకాడు.

"స్వామీ, పైకి మెట్లు కుడివైపున ఉన్నాయి" అన్నాడు కిందనుంచి గురవయ్య. "తమరు అనవసరంగా శ్రమపడుతున్నారు."

"అయితే నువ్వు మెట్లెక్కి రా బావా! పైన నన్ను కలుసుకో!"

"తప్పకుండా. అతిథిని వదలడం మా ధర్మం కాదు."

మాను సగం ఎక్కేసరికి బెరడు కదిలింది. ముడతల్లోంచి నులితీగలు పాముపిల్లల్లా జారి మణికట్లు చుట్టుకున్నాయి. ఒకటి మెడకి పడింది. బిగించింది. ఎల్లమంద కళ్ళు బైర్లు కమ్మాయి. గీతకత్తి తీసి ఒక్క వేటు వేశాడు. తీగ తెగింది. తెగినచోట ఎర్రగా కారింది. కింద మృద్వీక కెవ్వుమంది. చూస్తే ఆమె చెయ్యి మోచేతి దగ్గర తెగి, అదే ఎరుపు కారుతోంది.

తీగా ఆమే ఒకటి!

ఇంకో వేటు వేయబుద్ధి కాలేదు. అయినా వేశాడు. మెడ సడలింది. కన్నంలోంచి బయటపడ్డాడు.

బయట గురవయ్య అప్పటికే నిలబడి ఉన్నాడు, బెత్తం చంకలో పెట్టుకుని. దిగువమెట్లమీద కావలివాళ్ళు అతన్ని ఆపలేదు. దీవి మనిషేగా.

"ఇక్కడినుంచి సముద్రం చాలా బాగా కనపడుతుంది" అన్నాడు.

"రేవుకి దగ్గరదారి చూపించు. పరుగెత్తుకుంటూ చూపించు."

ఇద్దరూ పందిళ్ళ కిందుగా పరుగు తీశారు. వెనక కేకలు. పైనుంచి తీగలు కొక్కేల్లా దిగి జుట్టు పట్టుకుంటున్నాయి. ఖాళీ పీపా ఒకటి దొర్లుకుంటూ వచ్చి వాళ్ళ పక్కనే బండకి కొట్టుకుని ముక్కలైంది. గురవయ్య ఊపిరి ఎగబీలుస్తూనే చెప్పుకుపోతున్నాడు.

"ఎడమవైపున... తమరు చూస్తున్నది... తెల్లద్రాక్ష. దీనికి ఎండ తక్కువ కావాలి. ఆ బాణాలు వేస్తున్నవాళ్ళు... మా తోట కావలివాళ్ళు. వంగండి స్వామీ. వారికి మంచి గురి ఉంది."

మలుపులో పుల్లంశెట్టి ఊడుస్తూ కనపడ్డాడు. దారి ఇచ్చి నవ్వాడు. ఎల్లమంద ఆగబోయాడు. ఆగితే ముగ్గురూ తొట్టిలో పడతారు. ఆగలేదు. ఆ నవ్వు మాత్రం వెన్నంటే వచ్చింది.

రేవులో చేపలపడవ ఒకటి ఉంది. ఎల్లమంద దూకాడు. గురవయ్య ఒడ్డున నిలబడి చేతులు జోడించాడు.

"తమ ప్రయాణం సుఖంగా సాగుగాక."

ఇంత చేసి ఇక్కడ వదిలి పోవాలా? కొండమీంచి కావలివాళ్ళు దిగుతున్నారు. మెట్టు మెట్టుకీ పెద్దవాళ్ళవుతున్నారు.

"అదేంటయ్యా, ఈ పడవ సంగతి చెప్పనేలేదు" అన్నాడు ఎల్లమంద.

"పడవా స్వామీ?"

"ఏ చెక్క? ఎన్నాళ్ళది? ఆ చివర చెక్కిన బొమ్మ ఏంటి? నేను చూడకుండా పోవాలా? మీ అమ్మగారికి చెబుతా, డెబ్బై రెండు సగమే చూపించాడని."

గురవయ్య ముఖం పాలిపోయింది. "క్షమించండి, క్షమించండి" అంటూ పడవలోకి అడుగు పెట్టాడు. "ఇది టేకుచెక్క. ఈ కొసన..." ఎల్లమంద కట్టుతాడు కోసి, కాలితో ఒడ్డుని తన్నాడు.

పడవ కదిలింది. కదిలి, ఉన్నచోటే గిరగిరా తిరిగింది. ఎల్లమందకి తెడ్డు పట్టడం రాదు. అటు వేస్తే ఇటు పోతుంది.

మృద్వీక రేవుకి వచ్చింది. తెగిన చేతికి ఆకులు చుట్టుకుని ఉన్నాయి. జుట్టులోంచి ద్రాక్షగుత్తి ఒకటి తెంపి గాలిలోకి విసిరింది. పండు పండూ విడిపోయి, ఒక్కొక్కటీ ఇనపగుండై కురిసింది. ఒకటి పడవ అంచు ఎగరగొట్టింది. ఒకటి ఎల్లమంద వీపున ఠాంగుమంది.

జాడీ!

విప్పి ముందు పెట్టుకున్నాడు. మూత దగ్గరనుంచి అడుగు దాకా బీట. వేళ్ళసందుల్లోంచి కారిపోతోంది. పడవ అడుగున ఎర్రటి మడుగు కడుతోంది.

"తాగు బావా! తాగు! నీది నువ్వు మింగు!"

గురవయ్య రెండు చేతులా జాడీ అందుకున్నాడు. ఒక పుక్కెడు తీసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నాలుకమీద తిప్పాడు.

"చాలా నిండైన రుచి" అన్నాడు గురవయ్య బుగ్గలోనే ఉంచుకుని. "మొదట తాటిముంజెల చలవ. ఆ తర్వాత తడి తాడు. చివరన, చాలా సన్నగా, ఎవరో తల్లి తలకి రాసిన ఆముదం."

ఆ మాట అని, తల పక్కకి తిప్పి, మర్యాదగా సముద్రంలో ఉమ్మేశాడు.

"బావా!"

ఎల్లమంద వాడి దవడలు పట్టుకుని ఇంకో పుక్కెడు పోశాడు. ముక్కు మూశాడు. ప్రయోజనం లేదు. ఆ గొంతుకి మింగకూడదని నేర్పారు. గురవయ్య గింజుకుని అదీ ఉమ్మాడు. నొచ్చుకున్నాడు కూడా.

"స్వామీ, ఒక్క చుక్క గొంతు దిగరాదు. అది మా ఇంటి మర్యాద."

జాడీ బీట వెడల్పయింది. ఇంకో నాలుగు గుక్కలైతే అంతా పడవ పాలు. ఎల్లమందకి ఆలోచించే వ్యవధి లేదు. జాడీని ఎత్తి తన నోటికే పెట్టుకున్నాడు. గటగటా మింగాడు. పెంకులు పెదవి కోశాయి. మింగాడు. అడుగున మడ్డి కూడా వదల్లేదు.

గురవయ్య ముప్పైరెండేళ్ళ బతుకు అతని గొంతులోంచి దిగింది.

మొదటి తాడిచెట్టు. మొదటి బూతు. ఒక తల్లి గొంతు, ఒరే గురవా అని పిలుస్తూ. ఎల్లమంద ఆ తల్లి ముఖం కోసం వెతికాడు. లేదు. గొంతు ఉంది, చేతులున్నాయి, ముఖం ఉండాల్సినచోట ఖాళీ. అది ఇందాకే సముద్రంలో ఉమ్మేసిన పుక్కెడు.

అతను ఇంకా నోరు తెరుచుకునే ఉన్నాడు. చేతులు మాత్రం వాటంతటవే తెడ్డు అందుకున్నాయి. ఎడమవైపు రెండు, కుడివైపు ఒకటి, నడుము వంచి వెనక్కి. పడవ గిరగిరా తిరగడం మానేసి బాణంలా పోయింది. ఇనపగుండ్లు వెనకే నీళ్ళలో పడుతున్నాయి. జన్మలో తెడ్డు పట్టనివాడు తన చేతుల్ని తనే వింతగా చూసుకున్నాడు. అవతల, ఇరవై ఏళ్ళు పడవ నడిపిన గురవయ్య అంచు రెండు చేతులా పట్టుకుని వణుకుతున్నాడు.

"స్వామీ, మునుగుతామా?"

"మునగం. కూర్చో బావా."

సాయంత్రానికి దీవి కనుమరుగైంది. అలలు సద్దుమణిగాయి. అప్పుడు అతని బుర్రలో ఒక పాత మాట లేచింది. తన మాట కాదు, బావది. ఎప్పుడో గురవయ్య పడవలో ఏరు దాటిన ఒక బైరాగి చెప్పింది. ఉత్తరాన ఏడు రెల్లుదీవులు దాటితే హంసమడుగు ఉంది. పాలనీ నీళ్ళనీ వేరుచేసినట్టు, ఒకే తలలో కలిసిపోయిన ఇద్దరి మనసుల్ని వేరు చేసే హంస ఒకటి అక్కడ ఉంది. పోయినవాడు తిరిగొచ్చిన దాఖలా మాత్రం లేదు. గురవయ్య అప్పుడు నవ్వి కొట్టిపారేశాడు. ఆ నవ్వు కూడా ఎల్లమందకి గుర్తొచ్చింది.

ముందు ఇల్లు చేరదాం, అక్కకి మనిషిని చూపిద్దాం, తరవాత సంగతి తరవాత అనుకున్నాడు. ఊరివైపే తెడ్డు వేశాడు.

మర్నాడు తెల్లవారేసరికి మంచులోంచి ఊరి రేవు తేలింది. ఒడ్డున ఒక మనిషి. చంకలో పిల్ల. పడవలో ఇద్దర్ని చూసింది. ఇద్దరే అని మళ్ళీ లెక్కపెట్టుకున్నట్టుంది. పిల్లని ఎత్తి చూపిస్తూ నీళ్ళలోకి మోకాళ్ళ దాకా వచ్చేసింది. నవ్వుతోంది, ఏడుస్తోంది.

ఎల్లమంద లేచి నిలబడ్డాడు. అక్కా అని కేక వేయడానికి నోరు తెరిచాడు.

"ఒసేయ్ నాగీ! నా బంగారం!"

రేవంతా ప్రతిధ్వనించింది. అది మొగుడు పెళ్ళాన్ని పిలిచే పిలుపు. గురవయ్య గొంతు, గురవయ్య తమకం, వచ్చింది తన నోటినుంచి. నీళ్ళలో నాగులు కొయ్యబారిపోయింది. ఆ పిలుపు విన్న ఆనందం ఆమె ముఖంలో ఇంకా ఆరలేదు. కానీ పిలిచింది ఎవరో కళ్ళు చూశాయి. పిల్లని గుండెకి హత్తుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

పడవలో గురవయ్య ఆమెకి మర్యాదగా చేతులు జోడించాడు.

ఎల్లమంద రెండు చేతులా నోరు మూసుకున్నాడు. అక్క ముఖం చూడలేక తల దించుకున్నాడు. ఆ తర్వాత కూర్చుని, తెడ్డు నీళ్ళలో గుచ్చి, పడవ ముక్కు ఉత్తరానికి తిప్పాడు.